బకెట్ వేడినీళ్ళకు 150 రూపాయలు: స్పితి మంచులో రాబందుల కోసం

మా నాన్నగారు తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర సందులో ఇరవై ఏడేళ్ళు లాడ్జి నడిపారు. "వేడినీళ్ళు ఉదయం 4 నుంచి 8 వరకు" అన్న బోర్డు కింద పెరిగినవాణ్ణి కనుక, బస విషయంలో నన్నెవరూ మోసం చేయలేరని ఒక ధీమా ఉండేది. ఆ ధీమా కిందటి ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, కాజా ఊరి హోటల్లో, మైనస్ 22 డిగ్రీల చలికి గడ్డకట్టుకుపోయింది.

మేము వెళ్ళింది మంచుకొండల్లో రాబందులను, గద్దలను ఫొటోలు తీయడానికి. శేషాచలం అడవుల అంచున, తలకోన దారిలో పాముల గద్దలను పదేళ్ళుగా తీస్తున్నాను గాని, రాబందు మాత్రం నా కెమెరాకు ఎప్పుడూ దొరకలేదు. చిన్నప్పుడు చిత్తూరు పక్కన మా అమ్మమ్మగారి ఊళ్ళో గొడ్డు చచ్చిపడితే గంటలోపే అవి గుంపులుగా దిగేవి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాల ద్వారా వాటి ఒంట్లో చేరి, మూత్రపిండాలు చెడి, 1990ల నుంచి మైదాన ప్రాంతాల్లో అవి దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించినా మా అమ్మమ్మ ఊరి ఆకాశం మళ్ళీ నిండలేదు.

నాతో వచ్చింది మా బావమరిది, చిత్తూరులో ఉపాధ్యాయుడిగా పనిచేసే ఒక మిత్రుడు. చెన్నై నుంచి ఢిల్లీకి విమానం తలా 6,840 రూపాయలు, అక్కణ్ణుంచి సిమ్లాకు రాత్రి బస్సు 1,020. చలికాలంలో మనాలీ వైపు కుంజుమ్ కనుమ మంచుతో మూసుకుపోతుంది కనుక సిమ్లా, రికాంగ్ పియో, నాకో, టాబో మీదుగా వెళ్ళడమొక్కటే దారి. క్రీస్తుశకం 996లో కట్టిన టాబో బౌద్ధారామాన్ని బయటినుంచే చూసి ముందుకు సాగాము. ప్రయాణం సుఖంగానే గడిచింది.

ఇక ప్యాకేజీ సంగతి. పేరు చెప్పను గాని, ఒక నిర్వాహకుడు మనిషికి 64,000 రూపాయల చొప్పున ముందే కట్టించుకున్నాడు. సిమ్లా నుంచి రానూపోనూ కారు, ఆరు రాత్రుల బస, హీటరు ఉన్న గది, గదిలోనే వేడినీళ్ళ స్నానాలగది, గైడు, వీటన్నిటికీ మించి "గడ్డపు రాబందు గ్యారంటీ" అని అతని హామీ. టికెట్టు చేతిలో ఉన్నా దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేని ఊరివాళ్ళం మేము. గ్యారంటీ అన్న మాట వినగానే మాకు అనుమానం రావలసింది.

గదిలో హీటరు ఉన్న మాట నిజమే. రాత్రి ఎనిమిదికి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. అడిగితే, ప్యాకేజీలో హీటరు ఇస్తామన్నారు గాని కరెంటు ఇస్తామనలేదు కదా అని మేనేజరు నవ్వుతూ చెప్పాడు. గ్యాస్ హీటరు కావాలంటే రాత్రికి 500 రూపాయలు అదనం. కుళాయి తిప్పితే గాలి కూడా రాలేదు, ఎందుకంటే గొట్టాలు డిసెంబరులోనే గడ్డకట్టాయట. ఆ చలికి ఎవరి గొట్టాలైనా అంతే కనుక అది హోటలు తప్పు కాదు. రానే రాని నీళ్ళను ముందే అమ్ముకోవడం తప్పు. వంటగదిలో కాచిన నీళ్ళు బకెట్ 150 రూపాయలు. రెండు రోజుల్లో నాలుగు బకెట్లు కొన్నాము. మా నాన్నగారు బ్రహ్మోత్సవాల రద్దీలో వరండాలో చాప వేసుకున్నవాళ్ళకు కూడా బకెట్ వేడినీళ్ళు ఊరికే ఇచ్చేవారు. తెల్లారి చూస్తే, బావమరిది తెచ్చుకున్న మామిడికాయ ఊరగాయ సీసాలో వేరుశనగ నూనె తెల్లగా పేరుకుని, ముక్కలు అందులో ఇరుక్కుపోయి ఉన్నాయి. అతను స్పూనుతో రెండుసార్లు పొడిచి, సీసా మూత పెట్టి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడో రోజు గ్యారంటీ రహస్యం తెలిసింది. ఊరి వెనక గుట్ట మీదికి తీసుకువెళ్ళి, గైడు ఒక గోనెసంచి విప్పి మాంసపు ముక్కలు, ఎముకలు మంచు మీద పరిచాడు. ముందుగా కాకులు, వాటి వెనకే ఊరకుక్కలు వచ్చాయి. ఒకే ఒక్క హిమాలయ రాబందు దిగి, రెక్కలు ముడుచుకునేలోపే కుక్కలు తరిమితే లేచిపోయింది. ఆ ఉదయం నేను తీసినవాటిలో స్పష్టంగా వచ్చినవి కుక్కల ఫొటోలే. ఈ మాంసం ఎక్కడిది, ఆ పశువుకు ఏ మందులు వేశారు అని మా మాస్టారు అడిగితే, సంతలో కొన్నామని గైడు భుజాలెగరేశాడు. మైదానాల్లో రాబందులను చంపింది సరిగ్గా ఆ తెలియనితనమే. అలాంటి ఫొటో నాకక్కరలేదని చెప్పి, డబ్బు పోయినా సరే అనుకుని, మధ్యాహ్నమే సామాను సర్దాము. మమ్మల్ని కిబ్బర్ గ్రామానికి చేర్చి, ఒక ఇంట్లో బస చూపించినది ఆ ప్యాకేజీ కారు డ్రైవరే. అతని మంచితనం అతని యజమాని ఖాతాలో పడకూడదని ఇక్కడ విడిగా రాస్తున్నాను.

కిబ్బర్ దాదాపు 4,270 మీటర్ల ఎత్తు. అలిపిరి మెట్లు 3,550 మూడు గంటల్లో ఎక్కేస్తామని గొప్పలు చెప్పుకునే మేము ఆ ఇంటి మేడమెట్లు పన్నెండు ఎక్కి గోడకు ఆనుకున్నాము. మూడు పూటలా భోజనంతో మనిషికి రాత్రికి 1,800 రూపాయలు. అక్కడ స్నానం లేదు, నీళ్ళు లేని మరుగుదొడ్డిలో మట్టి పోయాలి, చలికాలమంతా ఇంటిల్లిపాదీ బుఖారీ అనే ఇనప పొయ్యి చుట్టూ ఒకే గదిలో గడుపుతారు. ఇవన్నీ గడప దగ్గరే చెప్పేశారు కనుక మాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆ రాత్రి ఇంటావిడ వేయించిన బార్లీ పిండి, ఉప్పు వేసిన వెన్న టీ, ఎండబెట్టిన మాంసంతో కాచిన పులుసు ముందు పెట్టింది. టీతో పిండి కలుపుకోమని సైగ చేసింది. రెండు రోజులుగా మౌనవ్రతంలో ఉన్న మా బావమరిది పిండిని అరచేతిలో పిసికి, ముద్ద చేసి, బొటనవేలితో మధ్యలో గుంట పెట్టి, అందులో పులుసు పోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "బావా, ఇది మన సంకటే!" అన్నాడు. రాగి కమ్మదనం వేరు, బార్లీ కమ్మదనం వేరు గాని, మూడు ముద్దలు తిన్నవాడితో వాదించడం దేనికని ఊరుకున్నాను. పొయ్యి పక్కన పెట్టిన ఊరగాయ సీసా కూడా ఈలోపు కరిగింది. అందులో సగం ఇంటావిడకే ఇచ్చేశాడు.

మూడు రోజుల ఎదురుచూపు తరవాత నాలుగో ఉదయం పక్షి కనబడింది, కిబ్బర్‌కూ పక్క ఊరు చిచమ్‌కూ మధ్య లోయ మీద కట్టిన వంతెన దగ్గర. 2017లో ఈ వంతెన వచ్చేదాకా జనం తీగకు వేలాడే తొట్టిలో కూర్చుని, తాడు లాక్కుంటూ దాటేవారట. కింద దాదాపు 150 మీటర్ల అగాధం. మనం ఎప్పుడూ గద్దను కిందినుంచి, పొట్టవైపే చూస్తాము. ఇక్కడ అది మన కాళ్ళకింద ఎగురుతుంది. గడ్డపు రాబందు లోయ గోడను ఒరుసుకుంటూ వచ్చింది. రెండున్నర మీటర్లకు పైగా పరుచుకున్న రెక్కలు ఒక్కసారి కూడా ఆడించలేదు. బూడిదరంగు వీపు మీద ఒక్కో ఈకకూ నడుమ సన్నని తెల్లగీత, ఇనుము కలిసిన మట్టిలో పొర్లి పులుముకున్న కాషాయరంగు మెడ, కంటి చుట్టూ ఎర్రటి ఉంగరం, ముక్కు కింద వేలాడే నల్లని వెంట్రుకల గడ్డం, అన్నీ వ్యూఫైండర్లో విడివిడిగా కనిపించాయి. కాళ్ళ మధ్య ఒక పొడవాటి ఎముక ఉంది. ఎదుటి బండ మీదికి లేచి, దాన్ని వదిలేసి, వెనకే చుట్లు తిరుగుతూ దిగింది. ఎముక పగిలిన చప్పుడు కొంచెం ఆలస్యంగా, ఎండుకట్టె విరిచినట్టు వినిపించింది. ఒకసారికి పగలకపోతే మళ్ళీ ఎత్తుకుపోయి పడేస్తుంది. పగిలిన ముక్కలను అలాగే మింగి, కడుపులోని ఆమ్లంతో కరిగించుకుంటుంది. నేను 412 ఫొటోలు తీస్తే పనికొచ్చినవి పదకొండు. బావమరిది ఫోనులో తీసిన వీడియోలో పక్షి ఆవగింజంత, "గోవిందా గోవింద" అన్న అతని గొంతు మాత్రం లోయంత.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి, లేకపోతే గంటలో చచ్చిపోతాయి. చలిలోంచి వచ్చిన కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూసి, గది వేడికి అలవాటు పడ్డాకే బయటికి తీయాలి; లేకపోతే లెన్సు లోపల తేమ పడుతుంది. మంచు బూడిదరంగులోకి దిగిపోకుండా ఎక్స్‌పోజరు ఒక స్టాపు (అంటే కెమెరాలో పడే వెలుతురు రెట్టింపు) పెంచాలి. నగరంలో కూర్చున్నవాడికి ముందే మొత్తం కట్టకండి. మాకు కిబ్బర్‌లో నాలుగు రాత్రుల బస మనిషికి 7,200 రూపాయలు, కొండలెరిగిన స్థానిక కుర్రాడికి రోజుకు 2,500 చొప్పున నాలుగు రోజులకు ముగ్గురం పంచుకుంటే తలా 3,333, వెరసి 10,533 అయింది.

మేము ఉండని నాలుగు రాత్రుల డబ్బు తిరిగి ఇవ్వమని నిర్వాహకుడికి మూడుసార్లు రాశాను, జవాబు లేదు. రెండు వారాల తరవాత అతనే సందేశం పంపాడు, చిచమ్ వంతెన దగ్గరి ఫొటో ఎవరి దగ్గరో చూశాడట, వచ్చే ఏడాది ప్రకటనకు వాడుకుంటాను, కింద మీ పేరు వేస్తాను అని. నేను ఏమి రాయాలా అని ఆలోచిస్తుండగా బావమరిది నా చేతిలోంచి ఫోను లాక్కుని, నాలుగు బకెట్ల తాలూకు 600, గ్యాస్ హీటరు తాలూకు 1,000, మొత్తం 1,600 రూపాయలు ముందు పంపితే ఫొటో సంగతి తరవాత మాట్లాడుకుందామని టైపు చేసి పంపేశాడు.