మూడేళ్లు వాడాక నా ఎనిమిదంగుళాల డాబ్ టెలిస్కోపు: ఆ మూడు స్క్రూల మీద కోపం ఇంకా పోలేదు

అద్దం సైజు, ఫోకల్ లెంగ్త్ గురించి మళ్లీ చెప్పను, కొనాలనుకునేవాళ్లకి అవి నోటికొచ్చే ఉంటాయి. నేను ఈ డాబ్సోనియన్ (పెట్టెలాంటి స్టాండు మీద తిరిగే అద్దం టెలిస్కోపు, ముద్దుగా డాబ్) కొన్నదే పాలపుంత నడిబొడ్డు దగ్గరుండే ముసలి తారాగుచ్ఛాల పిచ్చితో. అవి ధనుస్సు, వృశ్చికం వైపే గుమిగూడి ఉంటాయి (అలా ఒక పక్కకే ఉండడం చూసే 1918లో హార్లో షాప్లీ అనే ఖగోళవేత్త, మన సూర్యుడు పాలపుంత మధ్యలో లేడని తేల్చాడు). మనది 13 డిగ్రీల అక్షాంశం కాబట్టి ఆ భాగం మనకి బాగా పైకి లేస్తుంది, యూరప్‌ వాళ్లకి ఆ భాగ్యం లేదు.

వాటిలో ఎం 22 అనే గుచ్ఛమయితే తిరుపతిలో మా మిద్దె మీంచి కూడా దొరుకుతుంది, కొండ దీపాలు ఉత్తరాన మన వీపు వెనకే ఉంటాయి గనక. కాకపోతే ఉత్త మరకే. చీకటి పల్లెలో చూస్తే నల్లగుడ్డ మీద బొంబాయి రవ్వ ఒలికినట్టుంటుంది.

ఇక ఆ స్క్రూల సంగతి. అద్దం వెనక ఉండి, దాని వాలు సరిచేసేవి ఆ మూడే. పోయినేడు ఏప్రిల్ అమావాస్యకి దామలచెరువు పక్కన మామగారి మామిడితోటకి కారు వెనక సీట్లో వేసుకెళ్లాను. రాత్రి మూడింటికి చూస్తే ఎం 22 తడిసిన దూదిలా ఉంది. ఆకాశం బాలేదేమో అనుకుని అరగంట తిట్టుకుంటూ కూర్చున్నా. చివరికి జ్యేష్ఠా నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి చూస్తే, చిల్లు వడలా కనబడాల్సింది, మధ్యలో ఉండాల్సిన ఆ చిల్లు ఒక పక్కకి జరిగినట్టు కనబడింది. దారిలో స్పీడ్ బ్రేకర్లకి అద్దం కదిలిపోయిందన్నమాట, దాని వెనకున్న స్ప్రింగులు అంత మెత్తన. ఒక స్క్రూ తిప్పడం, లేచి కన్ను పెట్టే ఐపీస్‌లో చూడడం, మళ్లీ వంగడం, ఇదే పని. మామగారు కాఫీ తెచ్చి "ఏమల్లుడూ, ఇంకా దొరకలేదా నీ చుక్కలు?" అంటే ఒళ్లు మండింది.

నాలుగుంబావుకి కుదిరింది. తెల్లవారే వెలుగు రాకముందు మిగిలింది అరగంట. నేరుగా ధనుస్సులో గామా నక్షత్రం పక్కకి తిప్పాను, అక్కడ దుమ్ము పలచగా ఉంటుంది, బాడే కిటికీ అంటారు. 1940ల్లో వాల్టర్ బాడే అనే ఖగోళవేత్త అందులోంచే గెలాక్సీ కేంద్రం ఎంత దూరమో లెక్కగట్టాడు. ఒకే చూపులో రెండు గుచ్ఛాలు, ఎన్‌జీసీ 6522, 6528! చిన్న మసక బొట్లు, విడివిడి నక్షత్రాలేం కనబడవు. కానీ అందులో 6522 వయసు 1,200 కోట్ల ఏళ్లు దాటింది, మన భూమి వయసు 450 కోట్లే. కాఫీ చల్లారిపోయింది.

తర్వాత హార్డ్‌వేర్ షాపులో గట్టి స్ప్రింగులు కొని వేశాను. ఇప్పుడు ఫర్వాలేదు, అయినా వెళ్లిన ప్రతిసారీ సరిచూసుకోవాల్సిందే. కొన్న కొత్తలో "ఒక్కడే ఎత్తుకెళ్లొచ్చు" అని రాశాను. తప్పని అనను గానీ, అప్పుడు నాకు నడుంనొప్పి లేదు.

ఇంకోటి, ఇవి సాయంత్రం పూట కనబడే జులై, ఆగస్టుల్లో మనకి మబ్బులు. అందుకే మార్చి నుంచి మే దాకా తెల్లవారుజామునే చూడాలి. సొంత కారు, చీకటి తోట ఉన్నవాళ్లయితే కొనండి. అపార్ట్‌మెంట్ బాల్కనీకయితే నేను చెప్పలేను. మామగారేమో తోట అమ్మేద్దామంటున్నారు, అది తేలేదాకా నా రేటింగ్ కూడా నాలుగున్నర దగ్గరే ఆపాను.