పారీ జీపీ: ఫోన్‌లో వందంకెల లెక్క

విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ పది అంకెలు చూపించి ఊరుకుంటుంది. పారీ జీపీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మామూలుగానే 38 అంకెలిస్తుంది. బ్యాక్‌స్లాష్, పి, 100 అని కొడితే వంద. ఫ్రాన్సులో బోర్డో యూనివర్సిటీలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదు. పారీడ్రాయిడ్ పేరుతో ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. నెట్ అక్కర్లేదు కాబట్టి గుంటూరు రైల్లో సిగ్నల్ పోయినా లెక్క ఆగదు.

కొత్తవాళ్ళు మొదట తడబడేది కూడికలోనే. 1 నుంచి 10,000 దాకా 1/కె కూడమంటే దశాంశం రాదు, నాలుగువేల పైచిలుకు అంకెల లవం, అంత పొడుగు హారం తెరంతా పరుచుకుంటాయి. పూర్ణాంకాలిస్తే భిన్నాన్ని భిన్నంగానే ఉంచడం దీని పద్ధతి. 1 పక్కన చుక్క పెట్టి 1./కె అనండి, 9.7876 అంటూ మొదలయ్యే జవాబు చిటికెలో వస్తుంది. పై (π) విలువ కావాలంటే Pi అని పి పెద్దక్షరంతో కొట్టాలి. చిన్నక్షరం కొడితే అదేదో తెలియని చలరాశి అనుకుని, తప్పని కూడా చెప్పకుండా అలాగే మోసుకుపోతుంది.

దీని అసలు పనితనం అసింప్‌నమ్‌లో కనిపిస్తుంది. ఎన్ పెరిగేకొద్దీ ఒక విలువ ఎలా పోతుందో 1/ఎన్ శ్రేణిగా, దాని గుణకాలతో చెప్పే ఫంక్షన్ ఇది. ఎన్ ఫ్యాక్టోరియల్‌ని ఎన్ పవర్ ఎన్, ఇ పవర్ మైనస్ ఎన్, రూట్ ఎన్ ల లబ్ధంతో భాగించి ఇచ్చి చూడండి. ఖాళీ బ్రాకెట్లు వస్తాయి! ఆ నిష్పత్తి √(2π) దగ్గరికి పోతుంది, అసింప్‌నమ్ ఏమో గుణకాలన్నీ అకరణీయాలే అనుకుని, భిన్నాల కోసమే వెతుకుతుంది. ముందు 57 అంకెల కచ్చితత్వంతో లిమిట్‌నమ్ అనే ఫంక్షన్ నడిపి 2.50662827… అన్న అవధి తీసి, దానితో భాగించి మళ్ళీ అడగండి. 1, 1/12, 1/288, -139/51840 అంటూ స్టిర్లింగ్ శ్రేణి వరసగా దిగుతుంది. చేత్తో మూడో గుణకం తీసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

1 - 1/3 + 1/5 - … శ్రేణితో నేరుగా పోతే పై విలువ పది అంకెలు సరిగ్గా రావడానికే వెయ్యి కోట్ల పదాల మాట. ప్లస్, మైనస్ గుర్తులు మారుతూ పోయే శ్రేణుల్ని కూడే సమ్‌ఆల్ట్‌కి 38 అంకెలకి యాభై పదాల చుట్టూ చాలు. కానీ గుర్తులు మారని శ్రేణిని దీనికి అప్పగిస్తే, మారు మాట లేకుండా తప్పు సంఖ్య చేతిలో పెడుతుంది. వాటికి సమ్‌నమ్ వాడాలి. ఇంటిగ్రేషన్‌లోనూ అంతే: సున్నా దగ్గర 1/√ఎక్స్ లాంటిది పైకి లేస్తుంటే, కింది హద్దుని [0, -1/2] అని రాసి ముందే చెప్పాలి. ఏ జవాబైనా 38 అంకెలతో ఒకసారి, 57తో ఇంకోసారి కొత్తగా లెక్కించి, రెండూ కలిసినంత వరకే నమ్మండి. పాత విలువ దాచుకుని అంకెలు పెంచితే కచ్చితత్వం పెరగదు.

స్టెప్పులు చూపించదు, సైన్, లాగ్ కలిసిన ఇంటిగ్రల్‌కి ఫార్ములా ఇవ్వదు. గ్రాఫులు నాసిరకం. ఎమ్మెస్సీ మ్యాథ్స్ వాళ్ళకి ఐదుకి నాలుగున్నర, న్యూమరికల్ మెథడ్స్ రికార్డు నింపితే చాలనుకునే బీటెక్ వాళ్ళకి మూడు. లెక్క మధ్యలో స్టాక్ (లెక్కకి వాడే మెమరీ) నిండిందని ఆగిపోతే దాని హద్దు పారీసైజ్‌మాక్స్‌ని పెంచి మళ్ళీ నడపండి.