7.4 కిలోవాట్లా, 11 కిలోవాట్లా: దారిలో తేలిన లెక్క

ఎలక్ట్రిక్ కార్లలో దూరప్రయాణం పెట్టుకుని, మొదటి రాత్రి దిగే చోట 11 కిలోవాట్ల ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) చార్జింగ్ పాయింట్ ఉందని చూసుకునే గదులు బుక్ చేశాం. నా కారుదీ మా బావ కారుదీ 60 యూనిట్ల బ్యాటరీయే. రాత్రి పదింటికి రెండూ 15 శాతం దగ్గరున్నాయి, పక్కపక్క సాకెట్లకు తగిలించి పడుకున్నాం. పొద్దున ఆరింటికి చూస్తే ఆయనది వంద, నాది 59. పాయింట్ పాడైందేమోనని అక్కడ పనిచేసే అబ్బాయిని లేపి మరీ చూపించాను, పాపం అతనికి మాత్రం ఏం తెలుస్తుంది.

పాయింట్ బాగానే ఉంది. ఏసీలో గోడకున్న పెట్టె కరెంటు ఇస్తుంది అంతే, దాన్ని డీసీగా (బ్యాటరీకి కావాల్సిన డైరెక్ట్ కరెంట్‌గా) మార్చి బ్యాటరీలోకి పంపే అసలు చార్జర్ కారులోనే ఉంటుంది. 11 అని రాసి ఉన్న పాయింట్ మూడు ఫేజ్‌ల మీద ఒక్కోదానికి 16 ఆంపియర్ల చొప్పున ఇస్తుంది. నా కారులోది సింగిల్ ఫేజ్ 7.4 కిలోవాట్ల చార్జర్, అది ఒక్క ఫేజ్ మీదే 32 ఆంపియర్లు లాగాలి, అక్కడ దానికి దొరికింది 16 మాత్రమే, అంటే 3.7 కిలోవాట్లు. బావ కారులోది త్రీ ఫేజ్ 11 కాబట్టి మొత్తం తీసుకుంది. కారు కొనేటప్పుడు 7.4కీ 11కీ తేడా మూడున్నరే కదా అనుకున్నాను, అలాంటి పాయింట్ దగ్గర ఆ తేడా మూడింతలు అవుతుందని ఎవరూ చెప్పలేదు.

రెండో రాత్రి బస చేసిన చోట 22 కిలోవాట్ల పాయింట్, ఒక్కో ఫేజ్‌కు 32 ఆంపియర్లు ఇచ్చేది. దానికి గన్ (కారుకు తగిలించే సొంత కేబుల్) లేదు, కేబుల్ మనదే పెట్టుకోవాలి. నా కేబుల్ సామాన్ల అడుగున ఉండిపోయింది. ‘నాకు చాలినంత ఉందిలే, నాది వాడుకో’ అని బావ తనది ఇచ్చాడు. తగిలిస్తే స్క్రీన్ మీద మళ్లీ 3.6! నాకు టెన్షన్ మొదలైంది. చూస్తే ఆయన కేబుల్ 16 ఆంపియర్లది, సన్నగా ఉంది, ఎంత రేటింగో అదే పాయింట్‌కు చెప్తుంది, పాయింట్ అంతకు మించి ఇవ్వదు. సామాన్లన్నీ దింపి వేలు లావుండే నా 32 ఆంపియర్ల కేబుల్ తీసి పెడితే 7.2కి ఎక్కింది. ఎనిమిదింటికి 30 శాతంతో మొదలైన బండి తెల్లవారుజామునే నిండిపోయింది. ఇక్కడ నా కారులో 22 చార్జర్ ఉన్నా ఒరిగేదేమీ లేదు, రెండు గంటల్లో నిండి మిగతా రాత్రంతా ఊరికే ఉండేది, ఇంకెవరైనా కాచుకుని ఉంటే పదిన్నరకు కిందికి దిగి బండి తీయాల్సి వచ్చేది.

వేగం అసలు అక్కరకొచ్చేది పగలే. మూడో రోజు మ్యూజియం దగ్గర రెండున్నర గంటలు ఆగాం, అక్కడా అలాంటి 22 పాయింటే. నా కారులోకి వెళ్లింది దాదాపు 16 యూనిట్లు, సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా. ఈసారి బావ కారు కూడా తగిలించాం, దానికి 25 వరకు ఎక్కింది. ఆయన నేరుగా బస దగ్గరికి వెళ్లిపోయాడు, నేను దారిలో డీసీ స్టేషన్ (నేరుగా బ్యాటరీకే డీసీ ఇచ్చే ఫాస్ట్ చార్జర్) దగ్గర ఆగాను. అక్కడ నా ముందు రెండు బండ్లు, కాళ్ల నొప్పులతో అమ్మ కారులోనే కూర్చుని ఉంది, నాకు చాలా బాధేసింది.

ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉండి, రాత్రిపూట చార్జ్ చేసుకుంటూ, దూరప్రయాణాల్లో డీసీ మీదే ఆధారపడేవాళ్లకు 7.4 చాలు, ఎక్కువ పెట్టి తీసుకోవద్దని గట్టిగా చెప్తాను. మీ దగ్గర ఎక్కువగా త్రీ ఫేజ్ పాయింట్లే ఉంటే మాత్రం 11 తప్పకుండా తీసుకోండి. 22 అన్నది ఇంట్లో చార్జింగ్ లేక, రెండు మూడు గంటలు ఆగే చోట్ల నింపుకునేవాళ్లకే పనికొస్తుంది. ఆ సౌకర్యం ఉన్న కార్లూ తక్కువే.

వచ్చే నెల ప్రయాణానికి గది బుక్ చేసేముందు పాయింట్ మీదున్న లేబుల్ ఫొటో పంపమని అడిగాను. పంపారు, 3 ఫేజ్, 16 ఆంపియర్లు. అక్కడ రాత్రంతా పెట్టినా నా కారు సగం కూడా ఎక్కదు కాబట్టి, చేరడానికి ముందే ఒక డీసీ స్టాప్ పెట్టుకున్నాను.