లాన్స్ చివర బిగించే చిన్న వాల్వ్: ఎడారి రెఫ్యూజ్‌లో కొన్ని సీజన్ల వాడకం తర్వాత

ట్రిగ్గర్ వదలగానే కలుపు మందు ఆగిపోవాలి. వినడానికి చిన్న కోరికే, కానీ వీపు మీద స్ప్రేయర్ మోసినవాళ్లకి తెలుసు, మామూలు లాన్స్ (చేత్తో పట్టుకుని కొట్టే స్ప్రే గొట్టం) అలా ఆగదు. గొట్టంలో మిగిలినదంతా నాజిల్ నుంచి రెండు మూడు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. ఖాళీ పొలంలో అయితే దాన్నెవరూ పట్టించుకోరు. నా పనిలో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఆ చుక్కలే. నాజిల్‌కి ముందు బిగించే బొటనవేలంత వాల్వ్ ఒకటి ఆ టెన్షన్ తీసేసింది. ట్యాంకు, పట్టీలు, పంపు సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, కాబట్టి ఈ వాల్వ్ గురించే రాస్తున్నాను.

నేను పని చేసేది అమెరికాలో నెవాడాలోని యాష్ మెడోస్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో, ఇన్వేసివ్ స్పీషీస్ టెక్నీషియన్‌గా. బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన జాతుల్ని తగ్గించడం మా పని. నా వంతుకి ఎక్కువగా వచ్చేవి టామరిస్క్ చెట్లు, రష్యన్ నాప్‌వీడ్ అనే కలుపు మొక్క. చుట్టూ మొహావీ ఎడారి, మధ్యలో భూగర్భం నుంచి ఉబికి వచ్చే ఊటలు. ఆ ఊటల పుణ్యమా అని ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలు, చేపలు, నత్తలు పాతికకు పైగా జాతులు ఇక్కడ బతుకుతున్నాయి. ఇక్కడి మొక్కల్లో ఆరింటిని 1985లో ముప్పులో ఉన్నవిగా, అమార్గోసా నైటర్‌వర్ట్‌ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదిగా ఫెడరల్ ప్రభుత్వం గుర్తించింది. కలుపు వీటికి దూరంగా ఉంటే మా పని సులువే. అది సరిగ్గా వీటి మధ్యలోనే మొలుస్తుంది.

నాప్‌వీడ్ సంగతే చూడండి. నేల కింద వేళ్లు పాకించుకుంటూ పోతుంది. పీకితే తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలవగలదు కాబట్టి మందు కొట్టక తప్పదు. దాని మీద బాగా పని చేసే అమినోపైరాలిడ్ అనే మందు పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్కల్ని గట్టిగా దెబ్బతీస్తుంది. నాప్‌వీడ్ ఆ కుటుంబానిదే. చిక్కు ఏమిటంటే, మేం కాపాడాల్సిన యాష్ మెడోస్ గమ్‌ప్లాంట్ కూడా ఆ కుటుంబానిదే. శత్రువుకీ చుట్టానికీ ఒకే మందు తగులుతుంది. పైగా అది నేలలో త్వరగా విరిగిపోయే రకం కాదు. అందుకే ఎక్కడ పడాలో అక్కడే పడాలి, ఎంత పడాలో అంతే పడాలి.

మామూలు స్ప్రేయర్‌లో అది చేతి వాటాన్ని బట్టి ఉంటుంది. గట్టిగా పంపు కొట్టిన వెంటనే ఒత్తిడి ఎక్కువై మందు పొగలా సన్నటి తుంపరగా వస్తుంది, చిన్న గాలికే పక్కకి పోతుంది. పంపు ఆపితే ఒత్తిడి పడిపోయి ధార సన్నబడుతుంది, చుక్కలు కారుతాయి. ఈ వాల్వ్‌లో ఒక స్ప్రింగ్, దాని కింద ఒక రబ్బరు డయాఫ్రమ్ (పలుచటి పొర) ఉంటాయి. మేం వాడే రకం 21 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే యూనిట్)కి తెరుచుకుంటుంది. లోపల ఒత్తిడి ఎంత పెరిగినా నాజిల్‌కి అంతే ఒత్తిడి వదులుతుంది, అంతకంటే తగ్గితే టక్కున మూసుకుంటుంది. తుంపర పెద్ద చుక్కలుగా, ఒకే తీరుగా పడుతుంది. ట్రిగ్గర్ వదిలితే ధార తెగిపోతుంది. మొదటిసారి అలా తెగిపోవడం చూసినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పంపు కూడా అంతగా కొట్టనక్కర్లేదు, దాంతో ఎడమ భుజానికి ప్రాణం లేచొచ్చింది.

మొదటి సీజన్ అంతా నేను ఈ వాల్వ్‌కి ప్రచారకర్తలా తిరిగాను. ఒక్క చుక్క కూడా కారదని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. ఆ మాటకి ఇప్పుడు ఒక షరతు కలపాలి. లోపలి రబ్బరు బాగున్నంత కాలమే అది కారదు.

అది శరదృతువు. నాప్‌వీడ్‌కి మందు కొట్టడానికి అదే మంచి అదను, మందు ఆకుల నుంచి వేళ్ల దాకా దిగుతుంది. 1960, 70ల్లో దున్ని సాగు చేసి తర్వాత వదిలేసిన పాత పొలాల్లో ఒక దాని అంచున, తడి గడ్డి నేల మొదలయ్యే చోట ఉన్నాం. గమ్‌ప్లాంట్లకి గుర్తుగా చిన్న జెండాలు గుచ్చి ఉన్నాయి. ఎక్కడ కొట్టామో తెలియడానికి మందులో నీలం రంగు కలుపుతాం. పొద్దున మొదటి ట్యాంకు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. రెండో ట్యాంకు మధ్యలో నా వెనక వస్తున్న సహోద్యోగి "ఆగు, ఆగు" అని అరిచింది. తిరిగి చూస్తే నేను నడిచిన దారంతా నీలం చుక్కలే. వాల్వ్ మూసుకోవడం మానేసింది. అందులో రెండు చుక్కలు ఒక గమ్‌ప్లాంట్ ఆకుల మీద పడి ఉన్నాయి.

లాన్స్‌ని బకెట్‌లో పెట్టేసి మా బోటనిస్ట్‌కి రేడియోలో చెప్పాం. మందు కాడలోకి దిగకముందే ఆ ఆకుల్ని తుంచెయ్యమన్నారు. తుంచాం. నేల మీద చుక్కలు పడిన చోటల్లా మట్టి తీసి సంచీలో వేశాం. ఆ తర్వాత వాల్వ్ విప్పి చూస్తే లోపలి డయాఫ్రమ్ ఉబ్బి, అంచులు మెలి తిరిగి, తన గూట్లో కూర్చోవడం లేదు.

కారణం తర్వాత తెలిసింది. అంతకుముందు చలికాలం అదే లాన్స్‌తో ఇంకో బృందం టామరిస్క్ మొదళ్లకి మందు కొట్టింది. ఆ పనికి ట్రైక్లోపైర్ ఎస్టర్ అనే మందుని నీళ్లలో కాదు, నూనెలో కలుపుతారు, బెరడులోంచి దిగాలి కాబట్టి. మామూలు రబ్బరు ఆ నూనెని పీల్చుకుని ఉబ్బుతుంది. వాళ్ల తప్పేమీ లేదు. వాల్వ్‌తో వచ్చిన కాగితంలో నూనె మందుల గురించి ఒక్క ముక్క లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. కలుపు పనికని అమ్మే వస్తువుకి, కలుపు పనిలో రోజూ వాడే నూనెతో పడదని చెప్పకపోవడం ఏం న్యాయం? అమ్మినవాళ్లకి రాస్తే రబ్బరు భాగాలకి వారంటీ వర్తించదన్నారు. డబ్బులిచ్చి తెప్పించుకున్న భాగం కూడా వేరే సైజుది వచ్చింది. ఆ సీజన్‌లో మిగిలిన పనిని జెండాల దగ్గర చేతి స్ప్రే సీసాలతో, మోకాళ్ల మీద కూర్చుని పూర్తి చేశాం.

ఆ గమ్‌ప్లాంట్ బతికింది. మరుసటి ఏడాది ఒక కొమ్మ వంకర తిరిగి ఎండిపోయింది, మిగతావి పూశాయి.

ఇప్పుడు వైటన్ అనే వేరే రకం రబ్బరు డయాఫ్రమ్ ఉన్న వాల్వ్‌లు వాడుతున్నాం. నూనెకి అది తట్టుకుంటోంది. అయినా నూనె మందుకి ఒక లాన్స్, నీళ్ల మందుకి ఒక లాన్స్ విడిగా పెట్టి, నూనె దానికి ఎర్ర టేపు చుట్టాం. రోజూ బయలుదేరే ముందు ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి, పొడి సిమెంటు నేల మీద ట్రిగ్గర్ నొక్కి వదిలి చుక్కలు చూస్తాం. ఇక్కడి ఊట నీళ్లలో ఖనిజాలు ఎక్కువ. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే తెల్లటి పొక్కు కట్టి వాల్వ్ అంటుకుపోతుంది, గ్లైఫోసేట్ లాంటి మందులైతే ఆ కాల్షియంతో కలిసి బలం కూడా తగ్గుతాయి. కాబట్టి కడగడానికీ కలపడానికీ బయటి నుంచి తెచ్చిన నీళ్లే వాడతాం.

మరి కొనమంటానా? మీరు మందు కొట్టే చోట కాపాడాల్సిన మొక్కలు పక్కపక్కనే ఉంటే, అవును, వైటన్ రకమే అడిగి తీసుకోండి. ఎకరాల కొద్దీ ఒకే కలుపు ఉన్న నేలైతే ఈ తక్కువ ఒత్తిడితో పని సాగదు, బండికి బిగించే బూమ్ స్ప్రేయర్ వాడుకోవడం మేలు. తల కంటే ఎత్తు టామరిస్క్ ఆకుల మీద కొట్టాలన్నా ఈ ధార అందదు. మేమైతే ఆ చెట్లని కోసి, మోడు ఆరకముందే మందు పూస్తాం, అందుకని నాకా లోటు తెలియలేదు. ధర గురించి మాత్రం నేను చెప్పేది నమ్మకండి, ఎందుకంటే నా జేబులోంచి పోయింది కాదు, కొన్నది రెఫ్యూజ్. నా భుజం నొప్పి తగ్గడంలో వాల్వ్ పాత్ర ఎంతో, ఆ ఏడాదే మారిన కొత్త పట్టీల పాత్ర ఎంతో కూడా గట్టిగా చెప్పలేను. వచ్చే సీజన్‌కి మళ్లీ ఇవే అడిగాను, ఒక్కో లాన్స్‌కి రెండేసి స్పేర్ డయాఫ్రమ్‌లతో కలిపి.