సటన్ హూలో బంగారం ఉండదు

ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌ ఊళ్లో మేము దిగిన బస పేరు చెప్పను. రాత్రికి 118 పౌండ్లు తీసుకుని పదకొండింటికల్లా హీటరు ఆపేశారు. ఇంకో దుప్పటి అడిగితే ఇంటావిడ “మే నెలలో చలేమిటి?” అన్నారు. నాన్న స్వెటరు మీద స్వెటరు తొడుక్కుని తెల్లవార్లూ కూర్చున్నారు. టిఫిను మనిషికి 14 పౌండ్లు అదనమని బిల్లులోనే తెలిసింది. రెండు గుడ్లు, చల్లారిన టోస్టు!

టాక్సీకి 12 పౌండ్లిచ్చి సటన్ హూ చేరాం. ఏడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఉన్న ఆంగ్లో-సాక్సన్ల సమాధులున్న చోటది. గడ్డి దిబ్బలు. నలభై ఏళ్లు కంసాలిపని చేసిన మనిషి బంగారం చూద్దామని వస్తే, ప్రదర్శనలో ఉన్న బంగారు నిధి నకలే. “గిల్టు చూడటానికా ఇంత దూరం?” అన్నారు. తప్పు నాదే. 1939లో తవ్వకం చేయించిన భూస్వామిని ఎడిత్ ప్రెట్టీ నిధి మొత్తాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశారని ముందే చదువుకోవాల్సింది.

అక్కడ తవ్విన బేసిల్ బ్రౌన్‌కు దొరికింది ఓడలో పెట్టి పూడ్చిన సమాధి. ఆ 27 మీటర్ల ఓడలో కర్ర లేదు. ఇసుకలో దాని అచ్చు, వరుసగా ఇనుప మేకులు, అంతే. ఆమ్లపు నేల శవాన్నీ మిగల్చలేదు. పదిహేడో దిబ్బ దగ్గర మాత్రం నాన్న ఆగారు. అందులో ఒక యువకుడు, పక్క గోతిలో అతని గుర్రం. కత్తితో పాటు వంట పాత్ర, దువ్వెన కూడా పెట్టారు. “దువ్వెన మరిచిపోలేదు చూడు” అన్నారు. ఆ రోజు ఆయన అన్న మంచిమాట అదొక్కటే.

మర్నాడు లండన్. బ్రిటిష్ మ్యూజియం 41వ గది, టికెట్టు అక్కర్లేదు. జనమంతా ఆ ఓడలో దొరికిన శిరస్త్రాణం చుట్టూ మూగితే, నాన్న 412 గ్రాముల బంగారు బెల్టు బకిల్ ముందు నిలబడి “41 తులాల పైమాటే” అని లెక్క కట్టారు. తర్వాత భుజాలకు పెట్టుకునే బిళ్లల దగ్గర ముక్కు అద్దానికి ఆనించారు. బంగారు గళ్లలో గార్నెట్లనే ఎర్రటి రాళ్లు, ఒక్కోదాని అడుగున గీతలు చెక్కిన పలుచని రేకు. “రాయి మెరవడానికి కింద రేకు వేశాడు. మన కుందనం పనివాళ్లూ ఇదే చేస్తారు” అన్నారు. ఆ కాలపు యూరప్ నగల్లోని గార్నెట్లలో కొన్ని భారత్, శ్రీలంకల నుంచి వెళ్లినవేనని చెబితే, “అయితే సరే” అని గర్వంగా తలాడించారు.

ఓడలో దొరికిన సంచిలోని 37 నాణేలు ఫ్రాంకుల దేశంలోని (ఇప్పటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల) 37 వేర్వేరు టంకశాలలవి. వెండి పళ్లెం బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చింది. ఏడో శతాబ్దపు ఆంగ్లో-సాక్సన్లు ఒక మూలన పడి ఉన్న మొరటు జనం అనుకున్న నాకు ఈ సామాను గట్టిగానే జవాబు చెప్పింది. పక్కనే వీణలాంటి లైర్ వాయిద్యం, తాగే కొమ్ములు కూడా ఉన్నాయి.

మీరు వెళితే ముందు మ్యూజియం చూడండి, తర్వాతే దిబ్బలు. వుడ్‌బ్రిడ్జ్‌లో రాత్రి ఉండకుండా సాయంత్రం రైలుకే తిరిగి వచ్చేయండి.