ఇన్వర్టర్‌ను అనుమానించే ముందు తీగలు చూడండి

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర మా ఇంటి మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు, కింద హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడేలా మార్చి, బ్యాటరీలను కూడా నడిపే పెట్టె), నీళ్లు పోసే రకం నాలుగు ట్యూబులర్ బ్యాటరీలు పెట్టించి అయిదేళ్లు దాటింది. తెర మీద ఎర్రదీపం వెలిగినప్పుడల్లా వచ్చిన మెకానిక్ మొదటి మాట ఒకటే: "మాస్టారూ, బోర్డు పోయినట్టుందండీ." ఇంతవరకూ ఇన్వర్టర్ లోపలి ఆ బోర్డు ఒక్కసారి కూడా పోలేదు. జబ్బు ఎప్పుడూ తీగల్లోనో, కనెక్టర్లలోనో, బ్యాటరీల్లోనో బయటపడింది. అందుకే ఈ సమీక్షలో కంపెనీ పేరు కంటే ఆ జబ్బుల సంగతే ఎక్కువ ఉంటుంది.

బ్యాటరీ ఎందుకు అని అడిగేవాళ్లకు మా ఉద్దానం ప్రాంతంలో జవాబు తేలిక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను స్తంభాలను పడగొట్టాక ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు, అంటే గ్రిడ్‌కు, కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ అలాంటప్పుడు ఎంత ఎండ కాసినా పనిచేయదు. లైను మీద పనిచేసే మనిషికి మన మేడ మీది కరెంటు తగలకూడదని, గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, కరెంటు పోయిన మొదటి రోజున తెలుస్తుంది.

మొదట వచ్చిన తంటా మిట్టమధ్యాహ్నానిది. ఎండ మండుతున్న వేళ ఇన్వర్టర్ ఆగుతుంది, కొన్ని నిమిషాలకు తనే మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కోడ్ చూస్తే గ్రిడ్ వోల్టేజీ ఎక్కువ అని. సోలార్ ఆపి మీటరు దగ్గర కొలిస్తే 246 వోల్టులు, నడిపి కొలిస్తే 254. మా ఇన్వర్టర్ హద్దు 253. ఈ ఎనిమిది వోల్టులు ఎక్కడివి? మూడు కిలోవాట్లు బయటికి వెళ్లాలంటే సుమారు 13 ఆంపియర్లు సర్వీసు వైరులో ప్రవహించాలి. స్తంభం నుంచి ఇంటికి యాభై మీటర్ల సన్నని అల్యూమినియం వైరు అయితే, రానూపోనూ కలిపి అర ఓము అడ్డు సులువుగా ఉంటుంది. ఆరేడు వోల్టులు అక్కడే పెరుగుతాయి, వదులైన జాయింటు మిగిలినది కలుపుతుంది. సాయంత్రం మోటారు వేస్తే లైట్లు గుడ్డిగా అవుతున్నాయంటే అదే వైరు రెండో ముఖం చూపిస్తోందని అర్థం. పగలు పెంచేదీ, రాత్రి తగ్గించేదీ ఒకటే. లావు వైరు వేయించి, స్తంభం దగ్గర జాయింటు బిగించాక ఆగడం దాదాపు పోయింది. కొందరు ఇన్వర్టర్ సెట్టింగుల్లోకి వెళ్లి హద్దునే పెంచేస్తారు. ఆ పని నాకు నచ్చదు, ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆ వోల్టేజీనే మింగుతుంది.

రెండోది వానాకాలపు ఉదయాల జబ్బు, సముద్రపు గాలి తగిలే మన వైపు వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది. రాత్రి వాన పడితే పొద్దున ఇన్సులేషన్ లోపం (తీగల నుంచి కరెంటు నేలకు కారుతోంది) అని చూపించి ఇన్వర్టర్ నడవడం మొదలే పెట్టదు. పది గంటలకు తడి ఆరాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. మెకానిక్ వచ్చేది మధ్యాహ్నం, అప్పటికి రోగం ఉండదు! దాన్ని పట్టిన పద్ధతి బాగుంది. మావి వరుసగా కలిపిన తొమ్మిది ప్యానెళ్లు, ఒక్కొక్కటి సుమారు 45 వోల్టులు, మొత్తం 405. తడి ఉన్నప్పుడే ప్యానెళ్ల వైపు డీసీ స్విచ్ ఆపి, పాజిటివ్ నుంచి ఎర్తుకు కొలిస్తే 135, నెగటివ్ నుంచి ఎర్తుకు 270 వచ్చింది. 135ను 45తో భాగిస్తే మూడు. అంటే పాజిటివ్ వైపు నుంచి మూడో ప్యానెల్ దాటాక కరెంటు నేలకు కారుతోంది. అక్కడ చూస్తే రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను బలవంతంగా కలిపారు, అవి శ్లాబు మీద నీళ్లలోనే పడి ఉన్నాయి, లోపల ఉప్పు పచ్చగా పట్టింది. ఒకే రకం కనెక్టర్లు వేసి, తీగలను ఫ్రేముకు ఎత్తి కట్టారు. ఈ కొలత అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేయవలసింది. ఎండలో కరెంటు నడుస్తుండగా కనెక్టరు లాగితే డీసీ మెరుపు ఆరదు, చేతులు కాలుతాయి.

బ్యాటరీల కథ చిన్నదే, కానీ ఖర్చు దానిదే. బ్యాకప్ సగానికి పడిపోయినా తెర మీద మొత్తం వోల్టేజీ మాత్రం చార్జింగులో చక్కగా 57.6 చూపించేది. విడివిడిగా కొలిస్తే ఒకటి 12.3, మిగతా మూడు 15.1 చొప్పున. ఒకదానిలో సెల్ చనిపోయింది, దాని వాటా వోల్టేజీ మంచివాటి మీద పడి వాటి నీళ్లు మరిగిపోతున్నాయి. కాబట్టి మొత్తం అంకెను నమ్మవద్దు, నెలకోసారి నాలుగూ కొలవండి. మల్టీమీటర్ ఖరీదు ఒక్క సర్వీసు రుసుము కంటే తక్కువ. పాత మూడింటి పక్కన కొత్తది ఒక్కటి పెడితే అదీ వాటి దారే పడుతుందని తేలాక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాను. నీళ్లు పోసే బాధ లేదు. మార్చినప్పుడు ఇన్వర్టర్‌లో బ్యాటరీ రకం కూడా మార్పించుకోవాలి. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య ఉండే సన్నని సమాచార కేబులు వదులైతే చార్జింగే ఆగిపోతుంది, భయపడకుండా ముందు దాన్ని నొక్కి చూడండి.

డబ్బు లెక్క చూసుకునేవాళ్లకు బ్యాటరీ గిట్టదు. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది, బ్యాటరీ ఖర్చు మాత్రం మన జేబులోదే. కరెంటు పెద్దగా పోని పట్నంలో ఉంటే ప్యానెళ్లు, నెట్ మీటరు (లైనుకు ఇచ్చిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కించే మీటరు) చాలు. బ్యాటరీతో పెట్టించుకునేవాళ్లు కరెంటు పోయినా నడిచే బ్యాకప్ లైనుకు లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ మాత్రమే ఇవ్వండి. ఒక హార్స్‌పవర్ మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని చేతులెత్తేస్తుంది. బ్యాకప్ లైను న్యూట్రల్‌ను ఇంటి న్యూట్రల్‌తో కలిపారేమో కూడా పని పూర్తయిన రోజే అడగండి. మా ఇంట్లో కలిపేశారు, కరెంటు పోయినప్పుడల్లా ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే లైను ఆపేసే రక్షణ స్విచ్) పడిపోయేది. దాన్ని విడదీయడానికి గోడలో కొత్త పైపు వేయవలసి వచ్చింది.