వీమాక్ రివ్యూ: రెజ్యూమెకి మార్కులు వేసే ఏఐని ఎంతవరకు నమ్మాలి

ఎంబీఏలో సీటొచ్చి ఫీజు కట్టిన కొన్నాళ్లకే కాలేజీ మెయిల్‌కి ఒక లాగిన్ వస్తుంది. చాలా బిజినెస్ స్కూళ్లలో, అమెరికాలోనైనా మన దగ్గరైనా, అది వీమాక్ లాగినే. రెజ్యూమె పీడీఎఫ్ ఎక్కిస్తే కాసేపట్లోనే నూటికి ఎన్ని మార్కులో చెప్పి, ఏ వాక్యం దగ్గర మార్కు ఎందుకు పోయిందో చూపిస్తుంది. క్లాసులో ఏఐ మీద ఎన్ని ఉపన్యాసాలు జరిగినా, చాలామంది ఎంబీఏ విద్యార్థులకి కెరీర్ విషయంలో ఏఐతో మొదటి పరిచయం ఇక్కడే.

అచ్చుతప్పులు, లేఅవుట్, పసలేని వాక్యాలు పట్టుకోవడంలో ఇది చాలా మంచి పనిముట్టు. మీరు చేసిన పని గొప్పదా కాదా, రాసింది నిజమా కాదా అన్నవి మాత్రం దానికి తెలియవు. ఈ తేడా పట్టించుకోకుండా 65ని 95 చేయాలని కూర్చున్నవాళ్లు ఇంటర్వ్యూ గదిలో దెబ్బ తింటారు. అందుకే ఈ రివ్యూలో స్కోరు ఎలా పెంచాలో కొంత, ఎక్కడ ఆగాలో ఎక్కువ ఉంటుంది.

మార్కులు మూడు పద్దుల కింద పడతాయి: ఇంపాక్ట్, ప్రెజెంటేషన్, కాంపిటెన్సీస్. మొత్తాన్ని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక దాంట్లో మీరుంటారు. ఈ రంగుల హద్దులూ, ఫార్మాట్ నియమాలూ కాలేజీని బట్టి మారతాయి. కాబట్టి వేరే కాలేజీ స్నేహితుడి 88తో మీ 74ని పోల్చుకుని దిగులు పడొద్దు. ఆ రెండూ ఒకే తక్కెడలో తూచినవి కావు.

ప్రెజెంటేషన్ మార్కులు సులువుగా వస్తాయి, సులువుగానే పోతాయి. పేజీల సంఖ్య, అంచులు, తేదీలు ఒకే పద్ధతిలో ఉన్నాయా, స్పెల్లింగ్, ఉండాల్సిన విభాగాలన్నీ ఉన్నాయా అని చూస్తుంది. ఇక్కడ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఫైలు నిర్మాణం. మన దగ్గర చాలా కాలేజీల సీవీ ఫార్మాట్ గళ్ల పట్టికలా ఉంటుంది: ఎడమ గడిలో డిగ్రీ, మధ్యలో కాలేజీ, కుడివైపు శాతం, సంవత్సరం. కాలేజీ తన ఫార్మాట్‌ని వీమాక్‌లో ముందే అమర్చి ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే గళ్లలోని మాటలు ముందువెనకలై, మీ ఇంటర్న్‌షిప్ తేదీలు చదువు కింద కనబడొచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే రెండు కాలమ్‌ల టెంప్లేట్లకి కూడా ఇదే జబ్బు. ఫోన్ బొమ్మలు, నైపుణ్యానికి చుక్కల రేటింగులు, బొమ్మగా అతికించిన సర్టిఫికెట్లు ఉన్న ఫైళ్లయితే మరీ కష్టం. బొమ్మలో ఉన్న అక్షరం యంత్రానికి అక్షరం కాదు.

దీనికి ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ పై నుంచి కిందికి వరసగా చదవడానికి వస్తే వీమాక్‌తో పాటు కంపెనీల దరఖాస్తు సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు చదవగలవు. కలగాపులగంగా వస్తే ముందు అది సరిచేయండి, అప్పటిదాకా స్కోరు చూసి లాభం లేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలు ఏమీ పేస్ట్ కాదు.

ఇక ఇంపాక్ట్. ఈ పనిముట్టు విలువంతా ఇక్కడే, ప్రమాదమంతా కూడా ఇక్కడే. ప్రతి బుల్లెట్‌ని, అంటే చుక్క పెట్టి రాసే ఒక్కో పాయింటుని, విడిగా తీసుకుని, మొదటి మాట క్రియేనా, ఫలితం చెప్పారా, అంకె ఉందా, ఒకే క్రియని పదేపదే వాడారా, ఊకదంపుడు మాటలున్నాయా అని వెతుకుతుంది. హైదరాబాద్‌లో రెండు మూడేళ్లు ఐటీ సపోర్ట్ ప్రాజెక్టులో చేసి ఎంబీఏకి వచ్చినవాళ్ల రెజ్యూమెలో దాదాపు ఖాయంగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘రెస్పాన్సిబుల్ ఫర్ హ్యాండ్లింగ్ ప్రొడక్షన్ సపోర్ట్ టికెట్స్’. టికెట్ అంటే సిస్టమ్‌లో సమస్య వచ్చిందని నమోదైన ఫిర్యాదు. వీమాక్ ఈ వాక్యానికి మార్కు కోస్తుంది, కోయడం న్యాయమే. బాధ్యత అప్పగించారని చెప్పింది గానీ ఏం చేశారో చెప్పలేదు.

దాన్ని బాగు చేయడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ఎన్ని? ఎంతకాలంలో? మీరు రాకముందు ఎలా ఉంది, తరవాత ఎలా ఉంది? ఆ మార్పు మీరు చేసిన ఏ పని వల్ల? జవాబులు వారానికి 40 టికెట్లు, ఒక్కోదానికి పట్టే సగటు సమయం 6 గంటల నుంచి 4 గంటలకి, లాగ్‌లు చూసే పనికి రాసిన స్క్రిప్ట్ వల్ల అని వచ్చాయనుకుందాం. అప్పుడు వాక్యం ‘కట్’ అనే చిన్న క్రియతో మొదలై, 6 నుంచి 4కి అని చెప్పి, స్క్రిప్ట్ మాటతో ముగియాలి. రెండు వరసలు దాటకూడదు.

ఇక్కడే శాతం దగ్గర తప్పు జరుగుతుంది. 6 నుంచి 4కి తగ్గితే తగ్గుదల 2, దాన్ని మొదటి అంకె 6తో భాగించాలి, అంటే 33 శాతం. తొందరలో 4తో భాగించి 50 శాతం అని రాసేస్తారు. వీమాక్‌కి 33 అయినా 50 అయినా ఒకటే, అంకె ఉంది కాబట్టి మార్కు వేస్తుంది. ఫైనాన్స్ ఇంటర్వ్యూ చేసేవాడు మాత్రం మొదట అదే లెక్క అడుగుతాడు.

అంకె ఉంటే స్కోరు పెరుగుతుందని తెలిశాక చాలామంది ఆ వాక్యాన్ని చాట్‌జీపీటీకి ఇచ్చి బాగు చేయమంటారు. అది ‘స్పియర్‌హెడెడ్’ అనో ‘ఆర్కెస్ట్రేటెడ్’ అనో మొదలుపెట్టి, ఎక్కడా లేని 30 శాతాన్ని అతికించి ఇస్తుంది. స్కోరు నిజంగానే పెరుగుతుంది. రెండు యంత్రాలూ తృప్తి పడ్డాయి, కానీ ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగల మనిషి లేడు. ఐఐఎంల లాంటి చోట ప్లేస్‌మెంట్ కమిటీ సీవీ వెరిఫికేషన్ పెడుతుంది. పాయింటుకి ఆధారం చూపించాలి: సర్టిఫికెట్, హెచ్ఆర్ లెటర్, మేనేజర్ మెయిల్. ఆధారం లేని లైను కొట్టేస్తారు. కావాలని అబద్ధం రాశారని తేలితే ప్లేస్‌మెంట్ ప్రక్రియకే దూరమయ్యే ప్రమాదముంది. ఒకే కాలేజీలో ఒక పనిముట్టు అంకె అడుగుతుంది, కమిటీ సాక్ష్యం అడుగుతుంది. ఈ రెంటి మధ్య విద్యార్థిని ఒంటరిగా వదిలేయడం ఈ సర్వీసు అమలులో మాకు కనిపించే అతి పెద్ద లోపం. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కన్నా కాలేజీలదే ఎక్కువ.

చాట్‌జీపీటీ వాడొద్దని కాదు, అడిగే తీరు మార్చండి. ‘ఈ వాక్యం బాగా రాసిపెట్టు’ అనకుండా, ‘ఈ పని గురించి ఇంటర్వ్యూలో అడగదగ్గ అయిదు ప్రశ్నలు అడుగు, నువ్వు ఏ అంకే చేర్చొద్దు’ అనండి. జవాబులు మీరు రాసుకోండి. ఆ జవాబుల్లోంచి వాక్యం మీరే కట్టండి. అంతకు ముందు ఫోన్ నంబరు, క్లయింట్ పేరు, సిస్టమ్ పేర్లు తీసేయండి. పాత కంపెనీతో మీరు చేసుకున్న గోప్యతా ఒప్పందం మామూలుగా ఉద్యోగం మానేసినంత మాత్రాన ముగిసిపోదు.

ఫలితానికి అంకె దొరకనప్పుడు అది లేకుండానే రాయండి. టీములో ఎంతమంది, ఎన్ని మాడ్యూళ్లు, ఎన్ని నెలలు అన్నవీ అంకెలే, పైగా నిరూపించడం తేలిక. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే రాజీనామాకి ముందే అప్రైజల్ ఫారం, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు ఒకసారి చదివి తేదీ, సంఖ్య మటుకు ఒక కాగితం మీద రాసుకోండి. కంపెనీ డేటా బయటికి తేకూడదు.

కాంపిటెన్సీస్ పద్దులో విశ్లేషణ, కమ్యూనికేషన్, నాయకత్వం, టీమ్‌వర్క్, చొరవ అనే అయిదు గుణాలు మీ వాక్యాల్లో కనిపిస్తున్నాయా అని లెక్కేస్తుంది. ఇది చాలావరకు మాటల ఆధారంగా సాగే లెక్క. ఫ్రెషర్లకి నాయకత్వం దగ్గర తక్కువ రావడం మామూలే. కాలేజీ ఫెస్ట్‌లో స్పాన్సర్‌షిప్ వసూలు చేసిన పని ఉంటే నిజాయితీగా రాయండి, లేకపోతే వదిలేయండి. కన్సల్టింగ్‌కి వెళ్లేవాళ్లు, మార్కెటింగ్‌కి వెళ్లేవాళ్లు అయిదింటినీ సమానంగా నింపాల్సిన అవసరం లేదు.

ఎలివేటర్ పిచ్ అనే, మీ గురించి మీరు క్లుప్తంగా చెప్పుకునే వీడియో విభాగం కూడా ఉంది. కెమెరా ముందు మాట్లాడితే వేగం, ‘యాక్చువల్లీ’ లాంటి ఊతపదాలు, చూపు, చేతుల కదలిక గురించి చెబుతుంది. వేగం, ఊతపదాల లెక్క మటుకు తీసుకోండి, ఆ రెండూ నిజంగా మెరుగవుతాయి. ముఖం గురించి చెప్పేదాన్ని తేలిగ్గా తీసుకోండి. వీడియో ఇంటర్వ్యూల్లో పేరున్న హైర్‌వ్యూ సంస్థే, విమర్శల తరవాత ముఖ కవళికల విశ్లేషణ ఆపేశామని 2021 జనవరిలో ప్రకటించింది. నవ్వు ప్రాక్టీసు చేసే టైములో జవాబు ప్రాక్టీసు చేయడం మేలు. తెలుగు యాస ఉన్న ఇంగ్లీషు మాటని అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఊరి పేర్లు, మనుషుల పేర్లు తప్పుగా పడుతుంటే వాటి దగ్గర కాస్త నెమ్మదించండి, అంతేగానీ అరువు యాస తెచ్చుకోకండి.

ఈ పనిముట్టుని ఎక్కడ ఉంచాలో తేల్చుకోవడానికి బిజినెస్ స్కూళ్ల క్లాసుల్లో జరిగిందే ఆధారం. 2023 జనవరిలో అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ క్రిస్టియన్ టెర్విష్ తన ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ ఫైనల్ పరీక్షని చాట్‌జీపీటీ చేత రాయించి బీ, బీ మైనస్ మధ్య గ్రేడు ఇవ్వొచ్చన్నారు. వివరణలు బాగా రాసింది, మామూలు కూడికలూ గుణకారాల దగ్గర తప్పింది. అప్పటికీ ఇప్పటికీ మోడళ్లు చాలా మెరుగయ్యాయి. కానీ తప్పు కూడా నునుపైన భాషలోనే వస్తుందన్న సంగతి మారలేదు. అదే ఏడాది హార్వర్డ్ వగైరా సంస్థల పరిశోధకులు బీసీజీ అనే కన్సల్టింగ్ సంస్థలోని 758 మంది కన్సల్టెంట్ల మీద చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఏఐకి అలవాటైన పనుల్లో దాన్ని వాడినవాళ్లు 25 శాతం వేగంగా, 40 శాతం మెరుగైన నాణ్యతతో పూర్తి చేశారు. లెక్కల పట్టికనీ ఇంటర్వ్యూ నోట్సునీ కలిపి తేల్చాల్సిన ఒక పనిలో మాత్రం, సరైన జవాబు చెప్పే అవకాశం ఏఐ వాడినవాళ్లకి 19 పాయింట్లు తక్కువగా వచ్చింది. రెజ్యూమె వాక్యాన్ని చెక్కడం మొదటి రకం పని. ఏ అనుభవం పైన పెట్టాలి, ఏ అంకె నిలబడుతుంది అన్నది రెండో రకం.

వార్టన్‌లోనే మరో ప్రొఫెసర్ ఈథన్ మాలిక్ 2023 మొదట్లో తన క్లాసులో ఏఐ వాడాలని చెప్పి, పక్కనే షరతులు పెట్టారు: ఏఐకి ఏ ప్రాంప్టులు (ఆదేశాలు) ఇచ్చారో రాయాలి, అది ఇచ్చిన అంకెనీ సమాచారాన్నీ సరిచూసుకునే దాకా తప్పుగానే భావించాలి, తప్పు జరిగితే బాధ్యత విద్యార్థిదే. క్లాసులోని ఈ పద్ధతి కెరీర్ ఆఫీసుకి నడిచి రావాలి. రెజ్యూమెతో పాటు ఒక ఎక్సెల్ షీటు అడిగితే సరిపోతుంది: మొదటి కాలమ్‌లో బుల్లెట్, రెండో దాంట్లో అంకె ఎలా కట్టారు, మూడో దాంట్లో ఆధారం, నాలుగో దాంట్లో ఏఐ సాయం ఉందా లేదా. 12 బుల్లెట్లకి ఒక సాయంత్రం పని. ఇంటర్వ్యూకి చదువుకోవడానికి కూడా అదే షీటు.

సమ్మర్ ప్రాజెక్ట్ రిపోర్టులు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసేవాళ్లకి మరో జాగ్రత్త. ఏఐ రాసిందా లేదా కనిపెడతామనే సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల పట్ల అన్యాయంగా ఉండగలవు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ రాసినవాళ్ల 91 వ్యాసాలని ఏడు డిటెక్టర్లకి ఇస్తే సగటున 61 శాతం ఏఐ రాసినవని ముద్ర పడ్డాయి, అన్నీ మనుషులు రాసినవే. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం చాలదని అదే ఏడాది జూలైలో మూసేసింది. కాబట్టి గూగుల్ డాక్స్‌లో రాయండి, వెర్షన్ హిస్టరీ చెరపకండి. ఎవరైనా అడిగితే చూపించడానికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు.

వీమాక్ లేని కాలేజీల్లో, మన జిల్లాల్లోని చాలా ఐసెట్ కాలేజీలతో సహా, పోయేది పెద్దగా లేదు. నోట్‌ప్యాడ్ పరీక్ష, నాలుగు ప్రశ్నలు, ఆధారాల షీటు, వాక్యాలు గట్టిగా చదివించి వినే ఒక సీనియర్ ఉంటే దాని పనిలో ముప్పాతిక వంతు జరిగిపోతుంది. సొంత డబ్బుతో కొనాల్సినంత వస్తువని మేమనుకోవడం లేదు. కాలేజీ ఇస్తే తప్పకుండా వాడండి.

వాడేవాళ్లు అప్‌లోడ్‌లని పొదుపుగా ఖర్చు పెట్టాలి. చాలా కాలేజీలు పరిమితి పెడతాయి, 10 అనేది తరచుగా కనిపించే సంఖ్య. మొదటిది పాత రెజ్యూమె ఉన్నదున్నట్టుగా, అది ఎలా చదువుతోందో చూడటానికి. రెండోది ఫార్మాట్ సరిచేశాక. మూడోదీ నాలుగోదీ బుల్లెట్లు తిరగరాశాక, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడంతో. ఆకుపచ్చలోకి వచ్చారా, ఆపేసి మనిషికి చూపించండి. పసుపు చివర్లోనే ఉండిపోయినా, ప్రతి లైనుకీ షీటులో ఆధారం ఉంటే కూడా ఆపేయండి. మిగిలినవి దాచుకోండి, ఎందుకంటే జూన్, జూలైలో క్లాసులు మొదలయ్యే చోట అక్టోబరు, నవంబరు కల్లా వేసవి ఇంటర్న్‌షిప్‌లకి జరిగే సమ్మర్ ప్లేస్‌మెంట్లు వచ్చేస్తాయి. అప్పటికి సెమిస్టర్‌లో చేసిన రెండు ప్రాజెక్టులు చేరతాయి, కన్సల్టింగ్‌కి ఒకటీ మార్కెటింగ్‌కి ఒకటీ సీవీ కావాలి. చివరి అప్‌లోడ్ కంపెనీకి పంపే అసలు పీడీఎఫ్‌తోనే చేయండి, వర్డ్ ఫైలుతో కాదు. ఫాంటు మారి ఆఖరి వరస రెండో పేజీకి జారిపోవడం ఆ మార్పిడిలోనే జరుగుతుంది.